మూడుకాళ్ళ కుందేలుకు ఇఖామా

కువైట్‌ను ఇరాక్‌లో కలిపేసుకున్నామని రేడియోలో చెప్పినప్పుడు ప్రపంచంలో మొట్టమొదట అభ్యంతరం చెప్పింది ఏ దేశమూ కాదు, మా తాత పెంచలయ్య. పెద్ద పెద్ద దేశాలవాళ్ళు ఇంకా కళ్ళజోళ్ళు వెతుక్కుంటూ ఉండగానే, మా తాత కువైట్‌లోని సాల్మియా పేటలో మా రెండు గదుల కొంపలో లేచి నిలబడి, లుంగీ ఎగగట్టి, "ఇది సెల్లదు" అనేశాడు. అయితే ఆ అభ్యంతరం కువైట్ కోసం కాదు. కుందేలు కోసం.

మా తాతకున్న పిచ్చి ఒక్కటే. తన సరుకు మీది గుర్తును భూమ్మీద ఉన్న ప్రతి దేశంలోనూ తన పేరున రాయించుకోవాలి. సరుకంటే పెద్దదేమీ కాదు, చెనిక్కాయల పొడి, అదే వేరుశనగల కారప్పొడి. గుర్తంటే మూడుకాళ్ళ కుందేలు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనుషులు ఊరికొకరుంటారు. ఆ కుందేలును రేకు మీద కోయించి సంచుల మీద అచ్చు కొట్టినవాడు మాత్రం మా తాత ఒక్కడే.

నిజానికి నాలుగో కాలు రాజంపేటలో రేకు కోసినవాడు మరిచిపోయాడు. మళ్ళీ కోసిస్తానని బతిమాలాడట. తాత ఒప్పుకోలేదు. దొంగనకలు కొట్టేవాడు తెలివైనవాడై ఉంటాడనీ, నాలుగో కాలు పెట్టి దొరికిపోతాడనీ ఆయన లెక్క. ఆ గుర్తును మద్రాసు ఆఫీసులో రాయించుకుని, ఆ కాగితం పెట్టెలో పెట్టుకుని కువైట్ విమానం ఎక్కాడు.

ఆయన లెక్క తప్పలేదు. కొన్నేళ్ళకు రిగ్గై పేటలో నాగేశ్వర అనే మావాడే ఒకడు కుందేలు బొమ్మతో పొడి అమ్మడం మొదలుపెట్టాడు. దానికి నాలుగు కాళ్ళున్నాయి. తాత వెళ్ళి కాలర్ పట్టుకుంటే నాగేశ్వర చాలా మర్యాదగా, "నీ కుందేలు కుంటిది మామా, నాది నిక్షేపంగా ఉండాది. రెంటికీ పోలికేముండాది?" అన్నాడట. పైగా వాడి పొడిలో చెనిక్కాయలకంటే పుట్నాలపప్పు ఎక్కువ. తాతకు కాలు కంటే అదే ఎక్కువ మండింది.

మద్రాసు కాగితం పట్టుకుని తాత కువైట్‌లో గుర్తులు రాసే ఆఫీసుకు పోయాడు. అక్కడి అధికారి ఆ కాగితాన్ని రెండువైపులా చూసి, ఇది మీ దేశంలోనే చెల్లుతుంది, ఏ దేశానికి ఆ దేశంలో విడిగా రాయించుకోవాల్సిందే అని చెప్పాడు. తనను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కాగితం తాత జేబులోనే ఉంది. దాన్ని తడుముకుని తన అరబ్బీలో అడిగాడు.

"అంటే కుందేలుకు గూడా ఇఖామా కావాల్నా?"

"కావాలి."

"కఫీల్ గూడానా?"

"నీకున్నాడుగా. ఆయన్నే సంతకం పెట్టమను."

అలా మా తాత, కుందేలు ఒకే యజమాని కిందికి వచ్చారు. ఆ కఫీల్ మంచివాడు. ఇంతమందికి పూచీ పడ్డాను, చెవుల జంతువుకు పడలేనా అని సంతకం గీకేశాడు. అధికారి మాత్రం నాలుగో కాలు వేయించుకురమ్మన్నాడు. తాత వేయించనన్నాడు. కాళ్ళ మీద వాళ్ళిద్దరికీ ఒక వేసవి అంతా వాదన నడిచింది. చివరికి అధికారే అలిసిపోయి, ఒక హెచ్చరిక చేసి వదిలేశాడు. గుర్తు నీదిగా నిలవాలంటే నువ్వు తప్ప ఎవరూ వాడకూడదు, వాడుతుంటే చూస్తూ ఊరుకున్నావా, హక్కు కరిగిపోతుంది అని. తాత ఆ మాట మా అందరిచేతా కంఠతా పట్టించాడు. నేను బళ్ళో నేర్చుకున్నదాంట్లో ఏదీ మిగల్లేదు గానీ ఇది మిగిలింది.

ఇక అప్పటినుంచి ఏ దేశపు మనిషి కనబడినా తాత ప్రశ్న ఒక్కటే, మీ దేశంలో గుర్తు యాడ రాస్తారు? మంగలి ఈజిప్టువాడు. కత్తి గొంతు మీద ఉండగా అడిగాడు. వీధి చివర సూడాన్ మనిషి తండ్రి పోతే పరామర్శకు వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, లేచి వస్తూ గుమ్మంలో అడిగాడు. మా అమ్మ శివపార్వతి తల కొట్టుకునేది. ఎవరికీ జవాబు తెలియకపోవడమే తాతకు వింతగా ఉండేది. సొంత దేశంలో అంత ముఖ్యమైన ఆఫీసు ఎక్కడుందో తెలియకుండా వీళ్ళంతా ఎలా నిద్రపోతున్నారని.

కుందేలుకు కువైట్ కాగితం వచ్చింది. తాత దానికి చట్రం కట్టించి దేవుడి పటాల పక్కన తగిలించి బొట్టు పెట్టాడు. ఆ బొట్టు ఇంకా ఆరలేదు, ఇరాక్ ట్యాంకులొచ్చాయి.

కొద్దిరోజులకే రేడియో ఆ మాట చెప్పింది, మొదట్లో నేను చెప్పిన ఆ 'సెల్లదు' అప్పటిదే. దేశం మారితే కుందేలు మళ్ళీ కొత్త ఇఖామా చేయించుకోవాలా అన్నది తాత సందేహం. సందేహం వస్తే ఆగే మనిషి కాదు. మా వీధి మలుపులో చెక్‌పోస్టు పెట్టిన ఇరాక్ సిపాయి దగ్గరికి చట్రంతో సహా నడిచిపోయాడు. అమ్మ గుండె చేత్తో పట్టుకుంది. నేను కిటికీ పట్టుకున్నాను.

ఆ సిపాయి తుపాకీ ఎత్తాడు. తాత చట్రం ఎత్తాడు. మీ బాగ్దాదులో గుర్తు ఎక్కడ రాస్తారని అడిగాడు. సిపాయికి అర్థం కాకపోతే పొడి పొట్లం విప్పి చేతిలో పోసి నమూనా చూపించాడు. వాడు ఆకలి మీద ఉన్నాడో ఏమో మొత్తం నోట్లో పోసుకున్నాడు. కాసేపటికి వాడి కళ్ళవెంట ధారగా నీళ్ళు. బాగ్దాదు ఎటుందో చేత్తో చూపించి, తాతను పొమ్మన్నాడు.

మర్నాడూ పోయాడు తాత. ఆ మర్నాడూ పోయాడు. సిపాయిలు మారితే కొత్తవాళ్ళను అడిగాడు. కొన్నాళ్ళకు ఆయన్ను చూడగానే వాళ్ళే కుందేలు చెవుల్లా తలమీద రెండు వేళ్ళు పెట్టి నవ్వడం మొదలుపెట్టారు. "ముసలాయనకు మర జారిపోయింది" అన్నాడు నాగేశ్వర. వాడప్పటికి మా ఇంట్లోనే ఉన్నాడు. మనవాళ్ళను జోర్డాన్ మీదుగా ఊరికి పంపే బస్సులు సాల్మియాలో ఒక బడి దగ్గరనుంచి కదులుతున్నాయని రిగ్గై నుంచి వచ్చి, వేరే గతిలేక తన కాలర్ పట్టుకున్నాయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తాత వాడికి చాప వేసి, పుట్నాలపప్పు మాత్రం దాచేశాడు.

ఆ సమయంలో పక్కపేట రుమైథియా నుంచి గురమ్మ ఫోన్ చేసింది. మా ఊరి పక్క మనిషి, ఒక ఇంట్లో వంటకుంది. ఫోన్‌లో ఏడుస్తోంది.

"పెంచలన్నా, మా యజమానమ్మోళ్ళు సౌదీకి ఎలబారిపోయినారు. ఈ గేటు దాటితే యాడ ఏముండాదో నాకు తెల్దు. మాయట్లా ఆడోళ్ళు ఈ వీధుల్లో శానామంది ఉండారు, ఎవురికి ఎప్పుడు సందు దొరికితే అప్పుడు బయటపడాల. సందులకు పేర్లు లేకుండా పీకేసినారంట."

నిజమే. ఇరాక్‌వాళ్ళకు మనుషులు దొరకకూడదని కువైటీలు వీధుల బోర్డులు, ఇళ్ళ నెంబర్లు అన్నీ ఊడబీకేశారు. ఉన్నప్పుడు మాత్రం గురమ్మ చదవగలిగిందా ఏమైనా? వాళ్ళలో ఎవరికీ అక్షరం రాదు. బస్సులు ఇంకెన్నాళ్ళో ఉండవు. ఇంటింటికీ పోయి తీసుకొద్దామంటే ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియదు.

తాత మూలనున్న అచ్చు రేకు వైపు చూసి, "గురమ్మా, మన పొడి పొట్లం మీద బొమ్మ గుర్తుండాది గదా?" అన్నాడు.

"దాన్ని జూసే గదన్నా కొనేది."

"నీకు నెంబరు తెలిసినోళ్ళందురికీ ఫోన్ చేసి సెప్పు. గోడ మీద కుందేలు మూతి ఎటుంటే అటు నడవమను. మూడు కాళ్ళదే."

అంతే. బకెట్లో ఎర్రరంగు కలిపాడు. రేకు అచ్చును ఉన్నదున్నట్టు గోడకు ఆనిస్తే కుందేలు కుడికి చూస్తుంది, తిప్పి వేస్తే ఎడమకు చూస్తుంది. రుమైథియా నుంచి సాల్మియా దాకా ప్రతి మలుపులోనూ ఒకటి కొట్టాలి. ఒక్కడివల్ల కాదు. నాగేశ్వర దగ్గరా అచ్చుంది. తాత వాడి అచ్చు తీసుకుని, నాలుగో కాలి మీద ప్లాస్టర్ అంటించి, "పో, కొట్టు" అన్నాడు. నాగేశ్వర జీవితంలో మొదటిసారి నకలు సరిగ్గా కొట్టాడు.

గోడ మీద రాతలు కనిపిస్తే కాల్చేస్తున్న రోజులవి. ఎండ మండుతున్న మధ్యాహ్నం చెక్‌పోస్టు ముందునుంచే ఎర్రరంగు బకెట్ ఊపుకుంటూ మా తాత పోతుంటే, నేను మళ్ళీ కిటికీ పట్టుకున్నాను. సిపాయి ఆపాడు. గోడ మీద తడిగా ఉన్న బొమ్మను చూశాడు. తాతను చూశాడు. తలమీద రెండు వేళ్ళు పెట్టి పక్కవాడికి చూపించి నవ్వాడు. ఇద్దరూ కలిసి దారి వదిలారు. వాళ్ళ లెక్కలో అది రాత కాదు, ముసలాడి పిచ్చి. తాత వెళ్ళే ముందు ఆగి, బాగ్దాదు ఆఫీసు సంగతి మళ్ళీ అడిగాడు కూడా.

ఆయన రోజూ అక్కడికి ఎందుకు పోయాడో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. మొదటిరోజు పోయింది మాత్రం కుందేలు కోసమేనని ఇప్పటికీ నా అనుమానం.

తర్వాతి రోజుల్లో ఒక్కొక్కరే వచ్చారు. కొందరు జంటగా, కొందరు చంకలో మూటతో. ఒకామె చెప్పులు లేకుండా వచ్చింది. గురమ్మ అందరికంటే చివర వచ్చి, ఒక మలుపులో కుందేలు తలకిందులుగా ఉందనీ, తాను చాలాసేపు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాననీ నాగేశ్వరను తిట్టింది. మా గది నిండిపోయింది. బస్సు మరునాడు.

నేను నాకు కంఠతా వచ్చిన చట్టం తాతకు అప్పజెప్పాను. ఊరంతా గోడలెక్కిన గుర్తు, అందులోనూ దగ్గరుండి నాగేశ్వర చేత కొట్టించిన గుర్తు ఇంక నీది ఎలా అవుతుంది తాతా, కఫీల్ సంతకం, అధికారితో తగువు, అన్నీ గంగలో కలిసినట్టే కదా అన్నాను.

తాత చేతులకంటిన ఎర్రరంగును కిరసనాయిల్ గుడ్డతో తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"ఆయమ్మలు ఎండన పడి వస్తే నీళ్ళియ్యకుండా నాకు సట్టం సెప్తాండావా? లేసి పో, చెంబు తీస్కరా."