మేస్త్రీ గీసిన పదహారు గీతలు

మేస్త్రీ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆళ్ళగడ్డలో మా చెల్లెలి ఇంటి ముందర ఉన్నాను. చేతిలో మిఠాయి పెట్టె పట్టుకుని, పక్కింటి వాళ్ళకు మా కారు చక్రాలు చూపిస్తున్నాను. ఫోను చేసినతను కోయిలకుంట్లలో ఆయన కార్లు బాగుచేసే షెడ్డు పక్కన టీ అంగడి పెట్టుకున్నవాడు.

"మేస్త్రీ పోయినాడప్పా. పొద్దున్నే పండ్లు తోముకుంటా అట్లే కూలబడినాడంట. గుండె."

నాకు ఎనిమిదో తరగతి చదువు. అందంగా రాయడం రాదు, జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆ మాట వినగానే నేను చూసింది కారు చక్రాల వైపు. వాటిని ఆయన ఇంకొక్కసారి బిగించాల్సి ఉంది. ముందు రోజు సాయంత్రమే రమ్మన్నాడు. నేను పోలేదు. మనిషి కన్నా ముందు చక్రాలు గుర్తొచ్చినందుకు ఈ రోజుకీ నాకు సిగ్గే.

ఎందుకు పోలేదో చెప్పాలంటే ముందు నా సంతోషం సంగతి చెప్పాలి. మా పాపకు టీచరు ఉద్యోగం వచ్చింది! ఈ ఒక్క వాక్యం రాసి, కూర్చోలేక, వాకిట్లోకి పోయి రెండు చుట్లు తిరిగి వచ్చాను. పాప అంటే చిన్నపిల్ల కాదు, ముప్పై నాలుగేళ్ళ మనిషి. నాలుగు సార్లు పరీక్ష రాసింది. నాపరాయి గనిలో బండలు మోసినవాడి కూతురు, దేవునికి స్తోత్రం, ఇప్పుడు టీచరమ్మ. చర్చిలో మా అయ్యగారు ఆ సంగతి పైకి చదివినప్పుడు నేను ఏడ్చిన ఏడుపుకు వెనక బెంచీల వాళ్ళు ఎవరో పోయారనుకున్నారు.

ఉద్యోగం ఇచ్చింది కోసిగి పక్కన ఒక పల్లెలో. వాన లేని చోటు. పనుల కాలం వస్తే తల్లిదండ్రులు సుగ్గికి పోతారు, అంటే కూలి వెతుక్కుంటూ దూరం ఊళ్ళకు పోతారు. పిల్లలను వెంట తీసుకుపోతారు, లేదంటే ముసలివాళ్ళ దగ్గర వదిలేస్తారు. పాప ఒకసారి పోయి ఆ బడి చూసి వచ్చి నన్ను ఒక్కటే అడిగింది.

"నాయనా, ఆడికి బస్సు దినానికి రెండు సార్లే. పిల్లోళ్ళ ఇండ్లకు నేనే పోయి పిల్చుకోని రావల్ల. మన కారు లేస్తాదా?"

మా కారు ఇరవై ఏళ్ళ పాతది. రెండేళ్ళుగా రేకుల కొట్టంలో కదలకుండా ఉంది. ఇంజను బాగుంది. చక్రాలే పోయాయి. టైర్లు పగిలి, రిమ్ముల అంచులు తుప్పుకు రాలిపోయాయి. అంత చిన్న సైజు ఎక్కడ అడిగినా "అది ఇప్పుడు రావడం లేదు పెద్దాయనా" అన్నారు. వేరే మోడలు కారు చక్రాలు తెచ్చి వేయించుకోవడం ఒక్కటే దారి. కారును ట్రాక్టరుకు తాడుతో కట్టి మేస్త్రీ షెడ్డుకు లాక్కొచ్చాము.

మేస్త్రీ నాకంటే పదేళ్ళు చిన్న. జమ్మలమడుగు దారిలో రేకుల షెడ్డు, ముందర ఒక స్టూలు. ఎవరి కారులో కూర్చోవాల్సి వచ్చినా సీటు మీద పేపరు పరుచుకునేవాడు. చేతులకు నూనె ఉంటుందని టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగేవాడు. పాడైన బండి వస్తే వెంటనే బానెటు ఎత్తేవాడు కాదు. చుట్టూ ఒకసారి తిరిగి, చెవి పెట్టి విని, "ఇది ఏమో సెప్తాంది, తాళండి" అనేవాడు. తాళడం నాకు చేతకాదు. మా ఇద్దరికీ తగువు అక్కడే.

నేను మరుసటి రోజే కర్నూలు బస్సు ఎక్కాను. గుజిరీలో, అంటే పాత బండ్లు విప్పి అమ్మే చోట, నాలుగు మెరిసే రిమ్ములు కొని షెడ్డు ముందర దింపాను. మా కారుకు నాలుగు బోల్టులు, రిమ్ముకు నాలుగు రంధ్రాలు. ఇంకేం కావాలి? మేస్త్రీ ఒకటి ఎత్తి పెట్టి చూశాడు.

"మూడు పోతాండాయి. నాలుగోది రంధ్రం అంచు మీద కూసుంటాంది సూడన్నా."

"కొంచెం సుత్తితో తట్టు మేస్త్రీ, అదే దిగుతాది."

ఆయన రిమ్మును మెల్లగా కింద పెట్టాడు. "ఈ బండి ఎవురు ఎక్కేది?"

"మా పాప."

"నీ పాప ఎక్కే బండికి సుత్తితో సక్రం ఎక్కిచ్చమంటాండావా? సంతోసం నీ తలకాయకు ఎక్కింది. పో, టీ తాగి రా."

టీ అంగడి అతను ఊరుకుంటాడా? "ఆయప్ప కాళ్ళు నెల నించీ నేల మీద లేవు మేస్త్రీ. ఆ సక్రాలు కారుకొద్దు, ఆయప్పకే ఏపియ్యి."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. పాప ఉద్యోగంలో చేరడానికి ఇంకా రెండు వారాలు కూడా లేవు.

అప్పుడు మేస్త్రీ ఒక అట్టపెట్టె చింపాడు. బోల్టుల కొసలకు గ్రీజు పూసి, అట్టను వాటి మీద గట్టిగా అదిమాడు. తీస్తే నాలుగు నల్ల చుక్కలు, నడుమ ఒక గుండ్రం.

"ఇది నీ బండి ఏలిముద్ర. ఏ అంగడికి పోయినా దీన్ని రిమ్ము మీద పెట్టి సూడు. సుక్కలు నాలుగూ రంధ్రాల నడిమిన కూసుంటేనే తీసుకో. మెరుపు సూడొద్దు."

ఆ అట్టను చంకలో పెట్టుకుని నేను తిరగని ఊరు లేదు. కర్నూలు వాళ్ళు గొణుక్కుంటూనే మొదటి రిమ్ములు వెనక్కి తీసుకున్నారు. నంద్యాలలో దొరకలేదు. బస్సులో ఒకామె అది దేవుని పటమేమో అనుకుని పక్కకు జరిగి చోటిచ్చింది. చివరకు కడపలో, మూడో అంగడిలో, మెరుపు లేని నల్ల ఇనుప రిమ్ముల మీద నా చుక్కలు నాలుగూ కుదురుగా కూర్చున్నాయి. అంగడివాడిని వాటేసుకున్నాను. అతను బెదిరిపోయాడు.

అంతటితో అయిందనుకున్నాను. కాలేదు. కొత్త రిమ్ము నడిమి రంధ్రం మా కారుదాని కన్నా పెద్దది.

"ఏమవుతాది మేస్త్రీ, బోల్టులు పట్టుకుంటాయి కదా?"

"బోల్టులు బిగిపట్టేదానికే అన్నా. సక్రం నడుమ సరిగ్గా కూసోకపోతే బండి వణుకుతాది. ఆ వణుకు నట్లను తినేస్తాది."

లేతు మిషను మీద నాలుగు రింగులు తీయించి ఆ సందు పూడ్చాడు, రిమ్ములకు కొత్త టైర్లు ఎక్కించాడు. తర్వాత నన్ను స్టీరింగు ముందర కూర్చోబెట్టి, టైరు అంచుకు సుద్ద రాసి, పూర్తిగా ఇటు అటు తిప్పమన్నాడు. సుద్ద ఎక్కడ చెరిగిందో చూసి, ఆ మేరకు మడ్‌గార్డు లోపలి అంచును మడిచాడు. అయిదు రోజులు పట్టింది. నేను పూటకు రెండు సార్లు పోయి "అయిందా?" అనేవాణ్ణి.

"అన్నా, నువ్వు ఈడ నిలబడితే నట్లు గూడా తత్తర పడతాండాయి. పక్కకు పో."

ఆ రిమ్ములకు పట్టే కొత్త నట్లు తెచ్చి ఎదురెదురుగా బిగించాడు, ఒకటి పైది, తర్వాత దాని కిందిది. అన్నీ అయ్యాక అగ్గిపుల్లను పసుపు పెయింటులో ముంచి, ప్రతి నట్టు మీద నుంచి రిమ్ము మీదికి ఒక గీత గీశాడు. చక్రానికి నాలుగు, మొత్తం పదహారు గీతలు. అంత పెద్ద చేతులు అగ్గిపుల్లతో అంత సన్నగా గీయడం చూస్తూ ఉండిపోయాను.

"గీత అతుక్కోని ఉంటే నట్టు కదల్లేదని. ముందుకు జరిగితే ఇంకా బిగిసినట్టు, మంచిదే. ఎనక్కి జరిగితే మాత్రం సడలినట్టు. కొత్త సక్రం కుదురుకునేదానికి యాభై కిలోమీటర్లు పడతాది. ఆళ్ళగడ్డకు పోయి సాయంత్రానికి తిరిగి రా, మళ్ళీ బిగిస్తా. నేను ఈడనే ఉంటా. అంతవరకూ పాపను ఎక్కియ్యొద్దు."

"అట్లే మేస్త్రీ" అన్నాను. అని, ఆళ్ళగడ్డలో చెల్లెలు కోడి కోసి, "రేపు పోదువులే అన్నా" అంటే ఉండిపోయాను. రెండేళ్ళ తర్వాత నడిచిన కారు, టీచరైన కూతురు, ఎదురుగా వేడి వేడి కూర. సాయంత్రం ఒకసారి గుర్తొచ్చింది. రేపు చేయించుకుందాంలే అనుకున్నాను.

ఫోను వచ్చాక కిందికి వంగి గీతలు చూశాను. ముందర ఎడమ చక్రంలో ఒకటి విరిగింది. వెంట్రుక మందమే, కానీ వెనక్కి. కారులో ఉన్న పానా పాత నట్లది, కొత్త వాటికి పట్టదు. పట్టే పానా మేస్త్రీ దగ్గరే ఉంది. ముప్పై చిల్లర కిలోమీటర్లు ఎద్దుల బండి మాదిరి నడుపుకుంటూ వచ్చాను. దారిలో ఏడు సార్లు దిగి చూశాను. ఒకసారి గీత కోసం, ఒకసారి ఏడవడం కోసం. గీత అంతకన్నా జరగలేదు. నేనే విరిగాను.

ఇంటి దగ్గర జనం. మేస్త్రీ భార్య నన్ను చూసి లేచింది.

"నిన్న పొద్దు మునిగినా షెడ్డు మూయల్యాదన్నా. తెల్ల కారు రావల్ల, దాని నట్లు సూడల్ల, ఆ పాప ఉద్యోగానికి పోవల్ల అంటా బయట స్టూలు మీద కూసోనే ఉన్యాడు."

ఆమె నన్ను తప్పు పట్టలేదు. అదే నాకు ఎక్కువ బరువైంది. చావు ఇంట్లో పానా అడగడం నా వల్ల కాలేదు. వేరే మెకానిక్కు దగ్గరికి పొమ్మన్నారు కొందరు. అదీ నా వల్ల కాలేదు. పాడె వెనక నడుస్తుంటే దారిలో ఆగి ఉన్న ప్రతి బండి చక్రం వైపూ నా చూపు పోతూనే ఉంది. ఇప్పటికీ పోతుంది. నిలకడ లేదు.

మూడో దినం, సమాధి మీద పాలు పోసి వచ్చాక, ఆమె ఒక పేపరు చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. విప్పితే పానా.

"స్టూలు మీద ఉండె. ఆ పొద్దు ముందుగాలే తీసి పెట్టుకున్యాడు. నీదే పని కదన్నా, నువ్వే ముగించుకో."

మరుసటి రోజే పాప బడిలో చేరాలి. కారును తోసుకుంటూ పోయినట్టు మెల్లగా షెడ్డు ముందరికే తెచ్చాను. మూసిన తలుపు ముందర, ఖాళీ స్టూలు పక్కన. పానాను నట్టుకు పెట్టి మళ్ళీ తీసేశాను.

"నాయనా, నువ్వు సూపియ్యి. నేను బిగిస్తా" అంది పాప, కొంగు దోపుకుని.

"ఎదురెదురు అమ్మా. పైది, తర్వాత కిందిది."

పదిహేను నట్లు కదల్లేదు. పదహారోది కదిలింది. గీత మెల్లగా వచ్చి గీతకు అతుక్కుంది. ఆ తర్వాత కొంచెం, కొంచెమే ముందుకు పోయింది. "మంచిదే, మంచిదే" అని నేను అరిచిన అరుపుకు టీ అంగడి అతను గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. పాప పానాను మళ్ళీ పేపరులో చుట్టి స్టూలు మీద పెట్టింది.

తెల్లవారి పాప, వాళ్ళమ్మ బయలుదేరారు. వెనక సీటు నిండా బియ్యం, పరుపు, పుస్తకాలు. నాకు చోటు లేదు, బస్సులో వస్తానన్నాను. రోడ్డు మీద నిలబడి చూశాను. చక్రం తిరిగేకొద్దీ నాలుగు పసుపు గీతలు కలిసిపోయి ఒక్క పసుపు గుండ్రం అయింది. మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. పాప నిదానించింది. గుండ్రం విడిపోయి మళ్ళీ నాలుగు గీతలు, అగ్గిపుల్లతో గీసినంత సన్నగా, ఎక్కడివి అక్కడ. గొర్రెలు దాటిపోయాయి. గీతలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టాయి.