కడుపులో బిడ్డ, రోడ్డు మీద రాస్తారోకో

తెలంగాణ ఉద్యమం మాంచి ఊపు మీదున్న రోజులవి. యూనివర్సిటీ క్యాంపస్‌లో పేలిన టియర్ గ్యాస్ తార్నాకలోని మా వంటింటిదాకా వచ్చి ఉల్లిపాయలకే కన్నీళ్లు తెప్పించేది. నాకు నాలుగో నెల. ఒక ఉదయం స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గోళీకాయంత గడ్డ తగిలింది. నొప్పి లేదు.

అత్తమ్మ సంబరపడింది. "పాలగడ్డ బిడ్డా! గిప్పటి సందే పాలు దిగుతున్నయ్," అని రోజూ వేడి గుడ్డతో కాపడం పెట్టింది. నెల తిరిగేసరికి గోళీ కాస్తా నిమ్మకాయైంది.

చెకప్‌లో చూపిస్తే గైనకాలజిస్ట్ మేడమ్ నవ్వు ఆగిపోయింది. అల్ట్రాసౌండ్, తర్వాత బయాప్సీ. "బ్రెస్ట్ క్యాన్సర్ అమ్మా," అన్నారు క్యాన్సర్ డాక్టరు గారు.

చుట్టాలంతా కడుపు తీయించుకోమన్నారు. నాకు బిడ్డా కావాలి, నేనూ కావాలి. మేడమ్‌తో, "మీరే క్యాన్సర్ డాక్టరు గారితో మాట్లాడండి. మధ్యలో నేను కబుర్లు మోస్తే ప్రతి మాటకూ తోక తగిలిస్తాను," అన్నాను. ఇద్దరూ మాట్లాడుకున్నారు. "మూడు నెలలు దాటాయి కాబట్టి ఆపరేషన్ చేయొచ్చు, కొన్ని కీమో మందులు ఇవ్వొచ్చు. రేడియేషన్ మాత్రం డెలివరీ అయ్యాకే," అని తేల్చారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి కీమోకే జుట్టంతా రాలిపోయింది. రెండోది, బ్లడ్ కౌంట్ పడిపోయి వాయిదా పడింది. "ఇంక ఆలస్యం చేయొద్దు," అన్నారు డాక్టరు గారు. సరిగ్గా కీమోకు మళ్లీ రమ్మన్న రోజే రాస్తారోకో.

మా ఆటోను కుర్రాళ్లు ఆపేశారు. "అక్కా, బంద్ అని ఎరుకలేదా?"

నేను నా ఆంధ్రా యాసలో వాళ్ల లీడరుకు మేనత్తనని కోతలు మొదలుపెట్టానో లేదో, అత్తమ్మ నా తల మీది స్కార్ఫు లాగేసింది.

"సూడుర్రి! కడుపుల బిడ్డున్నది, పెయ్యిల క్యాన్సరున్నది. దవాఖానకు వోతున్నం. జెర జరుగుర్రి."

"ఆంధ్రా అక్కనా?" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"నా కోడలు ర. ఇంకేం గావాలె నీకు?"

కుర్రాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. తర్వాత ఆటోను భుజాల మీదికెత్తుకుని ఆసుపత్రిదాకా మోసుకెళ్లారు. సరే, జనంలోంచి తోశారు. "అక్కా, పైలం!" అని జాగ్రత్త చెబుతూ అరవడం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

నెలలు నిండాక ఆడపిల్ల, తలనిండా జుట్టుతో పుట్టింది. నా జుట్టు ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. డబ్బా పాలతోనే పెరిగింది. ఆ తర్వాత నాకు రేడియేషన్ పూర్తయింది. ఇప్పుడు తను ఇంటర్ చదువుతూ నా చున్నీలన్నీ ఎత్తుకుపోతోంది. నేను ఏటా చెకప్‌కు వెళ్తున్నాను, తిరిగొస్తూ మిర్చి బజ్జీలు తింటున్నాను.

మీలో ఎవరికైనా ఇలాంటిదొస్తే, నువ్వా బిడ్డా అని అడిగేవాళ్లకు తొందరపడి జవాబివ్వకండి. నెలను బట్టి, జబ్బును బట్టి ఒక్కొక్కరి దారి ఒక్కోలా ఉంటుంది. ముందు మీ ఇద్దరు డాక్టర్లనూ ఒకరితో ఒకరిని మాట్లాడించండి. నేనూ బిడ్డా ఇద్దరమూ అనే జవాబు కూడా ఉండొచ్చు.