నాకంటే ముందున్న పేరు

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, వేసవి సెలవులకు నరసన్నపేట నుంచి మేనత్త కొడుకు మా ఊరు గరివిడి వచ్చాడు. బావకు సూపర్ హీరోల కామిక్స్ అంటే ప్రాణం. తన ట్యాబ్‌లో నాతో ఒక పొడవాటి కథ చదివించాడు. అందులో హీరోకు అచ్చం తనలాంటివాడే ఎదురవుతాడు. ఇద్దరిలో ఒకడు క్లోన్. సగం దాటాక, ఆ వచ్చినవాడే అసలు మనిషనీ, ఇన్నేళ్లూ మనం చదివిన హీరోయే నకలనీ చెబుతారు.

అది అచ్చయిన రోజుల్లో పాఠకులు రచయితలను తిట్టిపోశారట. బావ కోపం ఇంకా చల్లారలేదు.

"ఇన్నాళ్లూ సదివింది డూప్లికేటోడి కతేటి? మోసం కాదేటి, సెప్పు."

నేను ట్యాబ్ తిరిగిచ్చేశాను.

మా చర్చి సమాధుల తోటలో నా పేరు చెక్కిన రాయి ఒకటుంది. మూడేళ్లకే మెదడువాపు జ్వరంతో పోయిన అక్కది. ఆమె పోయిన ఏడాదికి నేను పుట్టాను. దేవుడు తిరిగిచ్చాడంటూ నాయనమ్మ నాకూ ఆ పేరే పెట్టింది. అక్క గౌన్లే తొడిగారు. గోడమీది ఫోటోలో ఉన్నది నేనేనని బడికి వెళ్లేదాకా అనుకున్నాను. ఈస్టర్ రోజున అందరూ ఆ రాయి ముందు ప్రార్థన చేస్తుంటే నా పేరు నేను చదువుకుంటూ నిలబడేదాన్ని.

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో బియ్యం చెరుగుతోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నన్ను పిలిసినప్పుడు నీకు ఎవులు గుర్తొస్తారు?"

"ఏటే ఆ మాట?"

"అక్క బతికుంటే నన్ను కనీదానివేనా?"

అమ్మ చేట కింద పెట్టింది.

"మొదట్లో అదే గుర్తొచ్చీది. అబద్ధమెందుకు? నీకు పాలిస్తా దానికోసం ఏడిసీదాన్ని. తరవాత నువ్వు పాకడం మొదలెట్టావు. అది పాకనే లేదు, కూకుని జరిగీది. ఉరుమొస్తే నా కొంగులో దూరిపోయీది. నువ్వు వానలోకి పరిగెత్తీదానివి. ఇప్పుడా పేరు పిలిస్తే నువ్వే కనిపిస్తావే. దాన్ని పిలవడానికే నాకు పేరు లేకుండా పోయింది."

అక్క ఉరుములకు భయపడేదని అంతవరకు నాకెవరూ చెప్పలేదు.

"ఇంకా సెప్పమ్మా," అన్నాను.

బెల్లంముక్క ఇస్తే సగం కోళ్లకు వేసేదట. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాన్న మా మాటలు విని, చేతిలో క్యారేజీతోనే మా దగ్గర చతికిలబడ్డాడు.

"నా సైకిలు బెల్లు ఇనబడితే గుమ్మందాకా జరుక్కుంటా వచ్చీది," అని ముఖం తుడుచుకున్నాడు.

మర్నాడు బావ ఆ కామిక్ కథ చివరి భాగం చూపించాడు. రచయితలు మాట మార్చేశారు. హీరోయే అసలువాడట. రెండోవాడు అతణ్ణి కాపాడి, ప్రాణం వదిలి, బూడిదైపోయాడు.

"సూసావా, మనోడే ఒరిజినల్!"

బావ సంబరపడ్డాడు. నేను పోయినవాడి బొమ్మనే చూస్తూ కూర్చున్నాను.

ఆ వేసవి నుంచి మా ఇంట్లో అక్కను పెద్దపాప అంటున్నాం. ఆ పిలుపు అమ్మే మొదలుపెట్టింది.