కొడుకు వస్తాడు, కోడలు రాదు

మన దేశంలో ఆడవాళ్ళకు ఓటు అడక్కుండానే వచ్చిందని ఇక్కడ మస్కట్‌లోని దార్సైట్‌లో మా ఫ్లాటుకు టీకి వచ్చే మగవాళ్ళందరూ చెబుతారు. మా ఆయనా చెబుతాడు. అబద్ధం. అడిగి, అర్జీలు పెట్టి, నవ్వులపాలై తెచ్చుకున్నారు. తెచ్చుకున్నాక కూడా, తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యనన్న పాపానికి తొలి జాబితాల్లో ఎందరి పేర్లో ఎగిరిపోయాయి. “అదంతా పాత కథలే,” అంటాడాయన. మా ఎదురు విల్లాలో ఇంటిపని చేసే కడప ఆమె కథ ఆయనకు పట్టదు.

ఆ ఇంటి ఒమానీ యజమానురాలిని ఆమె, ఇక్కడి పనివాళ్ళందరిలాగే, అమ్మా అన్న అర్థంలో మామా అని పిలుస్తుంది. ఇక్కడి ఎన్నికలప్పుడు మామా సోఫాలో కూర్చునే ఫోన్‌లో ఓటు వేసింది. టీ ట్రే పట్టుకుని ఈమె పక్కనే నిలబడి చూసింది. మర్నాడు కిరాణా కొట్టు దగ్గర నన్ను ఆపింది.

“అక్కా, ఈ తూరి సెలవు మా ఊరి ఓట్లప్పుడే పెట్టుకుంటా. నా పేరుందో లేదో చూడు.”

చూశాను. లేదు. కువైట్‌లో ఉన్న ఆమె మొగుడి పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఫోన్ చేస్తే అత్తగారు దాచలేదు. జాబితా సారు ఇంటికొస్తే, కొడుకు వస్తాడు ఉంచండి, కోడలు రాదు తీసెయ్యండి అని తానే చెప్పిందట.

“ఆ ఇల్లు కట్టించింది నేను. ఆ ఇంటి మనుషుల్లో నేను లేనంట,” అంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళు పేరు చేర్పించుకునే దరఖాస్తు ఉంది. దానికి పాస్‌పోర్టు కాపీ కావాలి. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది.

“నేనే మెల్లగా అడుక్కుంటాలే అక్కా. నువ్వు రావద్దు.”

నేను ఊరుకుంటానా? వెళ్ళి, ఆమె పాస్‌పోర్టు నీ బీరువాలో ఎందుకుంది, మీ చట్టం మీకు తెలియదా అని హిందీలో దులిపేశాను. మామాకు నా హిందీ బాగానే అర్థమైంది. ఓటు కోసమంటే నమ్మలేదు, పారిపోతుందనుకుంది. కాపీ ఇవ్వలేదు సరికదా, సెలవు కూడా ఓట్లు దాటాక, బక్రీద్ అయ్యాకేనంది.

ఊళ్ళో ఓట్లు అయిపోయాయి.

“మెల్లగా అడిగింటే ఇచ్చిండేదేమో అక్కా,” అంది తర్వాత. “నీకు చదువెక్కువ, ఓపిక తక్కువ.”

నా తప్పు నాది, ఒప్పుకుంటాను. మా ఆయన దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. ఆ అత్తగారు ఆ రోజు ఎండలో వరసలో నిలబడి మరీ తన ఓటు వేసుకుందట. ఆమె ఎదురైతే అడగాలని ఉంది. ఇద్దరూ సముద్రం దాటినవాళ్ళే కదా, కొడుకు తిరిగి వస్తాడని, కోడలు రాదని నీకెవరు చెప్పారమ్మా?