చేతులు కొలిచిన కన్ను

మా లోయలో రెమీగిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. ఎరుపు తెలుపు అంగీ అంటే చాలు, అతనేనని చంటిపిల్లలకి కూడా తెలుసు. మా లోయ ఒక కాంటన్, అంటే సొంత ప్రభుత్వమున్న చిన్న రాష్ట్రం. దాని కచేరీలో అతను డవాలా బంట్రోతు. సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న ఆ పొడవాటి అంగీ వేసుకుని ప్రభుత్వం ముందు నడవడం అతని ఉద్యోగం. ప్రభుత్వమంటే మరీ పెద్దగా ఊహించుకోకండి, ఏడుగురు మనుషులు. ఒకాయనకి రంపపు మిల్లు, ఒకాయనకి సత్రం, మిగతావాళ్ళు పాడిరైతులు. ప్రతి బుధవారం కచేరీ మేడ మీద గదిలో కూర్చుని లోయనంతా ఏలేవారు. వాళ్ళు రాకముందే రెమీగి పొయ్యి రాజేసి, సిరాబుడ్లు నింపి ఉంచేవాడు. వాళ్ళు వెళ్ళాక ఉత్తరాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగి, ఇచ్చి సంతకం పుచ్చుకునేవాడు.

ఆ ఏడుగురినీ, వాళ్ళ బంట్రోతునీ కూడా ఏటా ఏప్రిల్ ఆఖరి ఆదివారం జనమే ఎన్నుకుంటారు. కాగితం లేదు, పెట్టె లేదు. ఊరి బయట పచ్చికలో గుండ్రంగా కొయ్యకంచె, లోపల నాలుగు వేలమంది మగవాళ్ళు, చేతులెత్తడం, దించడం, అంతే. ఆడవాళ్ళు కంచె బయట నిలబడి చూడాలి. జనం ఎన్నుకున్నాక నాకొద్దు అనడానికి వీల్లేదు. అరవై ఐదు నిండేదాకా, ఎన్నిసార్లు ఎన్నుకుంటే అన్నిసార్లు చేసి తీరాలి. కాదంటే లోయ వదిలి పోవాలి. తాతల నాటి చట్టం అది.

ఇక ఎత్తిన చేతులు. అన్ని వేల చేతులు ఎవడు లెక్కపెడతాడు? బంట్రోతు వేదిక మీద నిలబడి కంటితో కొలుస్తాడు. ‘ఎక్కువ’ అంటే నెగ్గినట్టు, ‘తక్కువ’ అంటే పోయినట్టు. ఆ మాట మీద అప్పీలు లేదు. రెమీగి తండ్రి కొండ మీద పశువుల కాపరి. పొగమంచులోంచి దిగివచ్చే మందని ఒక్కసారి చూసి ఎన్ని తగ్గాయో చెప్పేవాడు. ఆ కన్నే కొడుక్కీ వచ్చింది. ఇరవై రెండేళ్ళలో రెమీగి చెప్పిన మాటకి గొణిగినవాడు లేడు. అతను సంపాదించుకున్నది ఆ పేరొక్కటే. దాని మీద అతనికి ప్రాణం.

చెల్లెలు ఒటీలి వేరే రకం. నోరున్న మనిషి. పెళ్ళి కాకుండా బిడ్డని కన్నది, ఆ బిడ్డ బతకలేదు. తర్వాత ఏ ఇంట్లోనూ పనికి ఏడాది నిలవలేదు. చెయ్యి వేయబోయిన యజమాని నెత్తిన పాలకుండ బోర్లించింది. సత్రంలో మగవాళ్ళ పక్కనే కూర్చుని కాఫీలో సారా పోసుకుని తాగేది. ఆమె చేసిన నేరాలన్నీ ఇవే, ఇంకేమైనా ఉంటే నాకు తెలియదు. ఊరి బీదల సంఘంవాళ్ళు ‘పనిదొంగ, నడత మంచిది కాదు’ అని రాసి, రెండేళ్ళు సంస్కరణాలయంలో పెట్టమని ఏడుగురినీ కోరారు. పేరుకి సంస్కరణాలయం, తాళాలు మాత్రం జైలువే. కోర్టు లేదు, జడ్జి లేడు, ఆమెని పిలిచి నువ్వేమంటావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఏడుగురూ పావుగంటలో సరేనన్నారు. ఆ పూట సిరాబుడ్డి నింపింది రెమీగి. ఉత్తరం మోసుకెళ్ళిందీ రెమీగే.

ఒటీలి ఒక రైతు ఇంటి వెనక దుప్పట్లు ఆరేస్తోంది. అన్నని చూసి నవ్వింది.

“అంగీ వేసుకునే వచ్చావే. అయితే చుట్టపు చూపుగా కాదన్నమాట.”

రెమీగి ఉత్తరం ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. రెండోసారి కూడా చదివింది.

“బుధవారం నువ్వు ఆ గదిలోనే ఉన్నావు కదన్నా. ఒక్క మాట అనలేకపోయావా?”

“అక్కడ బంట్రోతు నోరెత్తకూడదు ఒటీలీ. నీకు తెలీనిదేముంది. రెండేళ్ళే కదా. నోరు అదుపులో పెట్టుకుంటే ముందే పంపేస్తారు.”

“నా నోటి సంగతి సరే. నీ నోరు మాత్రం భలే అదుపులో ఉంది.” ఆమె చేతులు పావడాకి తుడుచుకుంది. “సంతకం ఎక్కడ పెట్టాలి?”

రెండేళ్ళు మూడయ్యాయి. లోపల ఎదురు మాట్లాడిందని పొడిగించారు, మళ్ళీ పావుగంటలోనే. బట్టలుతికే గదిలో, తడిలో పని. ఆ చలికాలం ఆమె దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘అన్నా, దగ్గితే నెత్తురు పడుతోంది. ఇంకో చలికాలం ఇక్కడైతే నేను దక్కను. ఏదో ఒకటి చెయ్యి.’ రెమీగి దాన్ని అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఏం చేయాలో అతనికి తోచలేదు.

తోచినవాడు యోస్ట్. గుర్రాలకి నాడాలు కొట్టేవాడు, రెమీగితో కలిసి చదువుకున్నవాడు. మా దగ్గర ఏ పౌరుడైనా సభకి ప్రతిపాదన పెట్టచ్చు. యోస్ట్ పెట్టింది ఇదీ: జడ్జి విచారించకుండా ఎవరినీ లోపల పెట్టకూడదు, ఇప్పటికే లోపలున్నవాళ్ళని నెలలోగా విచారించాలి. అది నెగ్గితే ఒటీలి ఇంటికొస్తుంది. జడ్జి ముందు నిలిచే నేరం ఆమె మీద ఒక్కటీ లేదు.

సభకి ముందురోజు ఏడుగురిలో పెద్ద, రంపపు మిల్లు విన్సెంట్స్‌గారు, రెమీగిని పిలిచాడు.

“ఏమోయ్, రేపు యోస్ట్ ప్రతిపాదనకి మీ ఉపబంట్రోతుని కొలవమందామా? నీ చెల్లెలు లోపలుంది. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు.”

“నా కన్ను మీద తమరికి అనుమానమా అయ్యగారూ?”

“నాకెందుకయ్యా? జనం సంగతి చెప్తున్నా.”

“జనానికీ లేదు,” అన్నాడు రెమీగి.

అక్కడే తప్పాడు. ఆ ఒక్క పూటా పక్కకి తప్పుకుని ఉంటే ఈ కథే లేదు. ఇరవై రెండేళ్ళ పేరు అతన్ని తప్పుకోనివ్వలేదు.

ఆదివారం సన్నగా వాన. నాలుగు వేలమందీ టోపీలు తీసి ప్రార్థన చేశారు. యోస్ట్ వేదికెక్కి, పుల్ల విరిచినట్టు రెండు ముక్కలు చెప్పాడు. “దూడని కోతకిచ్చే ముందు కూడా పశువుల డాక్టరు వచ్చి చూస్తాడు. మనిషిని లోపల వేసే ముందు చూసే నాథుడు లేడు. నేనడిగేది ఆ దూడకున్నపాటి మర్యాదే.” కొందరు నవ్వారు, చాలామంది నవ్వలేదు.

అవునన్నవాళ్ళు చేతులెత్తారు. తర్వాత కాదన్నవాళ్ళు. రెమీగి చూశాడు. దగ్గర దగ్గరగా ఉన్నాయి.

“మళ్ళీ,” అన్నాడు.

రెండోసారి అవునన్న చేతులు పెరిగాయి. కుడివైపు పాడిరైతుల గుంపు మొత్తం ఎత్తింది. రెండువందలు ఎక్కువ, తక్కువలో తక్కువ నూటయాభై. మందలో పొట్టి ఆవు తగ్గితే కనిపెట్టే కంటికి అదేం కష్టం? పట్టపగలంత స్పష్టంగా కనిపించింది. కనిపించాక అతను కిందికి చూశాడు. నాలుగు వేల మొహాలు తనవైపే ఉన్నాయి. ఎక్కువంటే, చెల్లెలి కోసం అన్నాడంటారు. ఇన్నాళ్ళూ ఇలాగే అన్నాడేమో అంటారు.

“తక్కువ,” అన్నాడు రెమీగి.

ఎవరూ గొణగలేదు. పైగా మెచ్చుకున్నారు. సొంత చెల్లెలు లోపల మగ్గుతున్నా న్యాయం తప్పలేదు, మనిషంటే అలా ఉండాలి అని సత్రంలో సాయంత్రం దాకా అదే మాట. యోస్ట్ వచ్చి చెయ్యి కలిపాడు.

“ఒరేయ్, నెగ్గామనే అనుకున్నానురా. కానీ నువ్వే తక్కువన్నావంటే తక్కువే. నీకెంత కష్టమైందో నాకు తెలుసులే.”

ఇంట్లో భార్య త్రీనా ఉడికించిన బంగాళదుంపలు, జున్ను బల్ల మీద పెట్టింది. తను కూర్చోలేదు.

“నేను కంచె బయట నిలబడ్డానండీ. వరుసగా నలభైమంది ఆడవాళ్ళం. మాకు చెయ్యెత్తే హక్కు లేదు కానీ కళ్ళున్నాయి.”

రెమీగి ఒక దుంప తీసుకుని పొట్టు ఒలిచాడు.

“చల్లారిపోతున్నాయి, తినండి,” అంది త్రీనా. మళ్ళీ ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. అతనితో అవసరమైతే తప్ప ఏ మాటా ఎత్తలేదు.

అక్టోబరులో, మొదటి మంచు పడ్డ వారం, ఒటీలి పోయింది. మరణవార్త సంస్కరణాలయం నుంచి ఏడుగురికీ వచ్చింది. అక్కడినుంచి దగ్గరి బంధువుకి అందజేయాలి. కచేరీ గుమాస్తా కవరు మీద పేరు చూసి, ఎటు చూడాలో తెలియక, రసీదు పుస్తకం రెమీగి ముందు పెట్టాడు. ఇచ్చినవాడి గడిలో ఒక సంతకం, పుచ్చుకున్నవాడి గడిలో ఒక సంతకం. రెండూ తనే పెట్టి, మెట్ల కిందికి పోయి కట్టెల గదిలో కూర్చుని ఏడ్చాడు. పై గదిలో చలి పుడుతోందని ఎవరో పిలిస్తే లేచి వెళ్ళి పొయ్యిలో కట్టెలు వేశాడు.

మరుసటి ఏప్రిల్ సభలో, బంట్రోతు ఎన్నిక వంతు వచ్చేసరికి, రెమీగి అంగీ విప్పి మడత పెట్టి వేదిక మీద ఉంచాడు. ఏ పౌరుడైనా మాట్లాడచ్చు కదా, మామూలు కోటుతో ముందుకొచ్చాడు.

“పోయినేడు నేను అబద్ధం చెప్పాను. చేతులు ఎక్కువే ఉన్నాయి. యోస్ట్ నెగ్గాడు. నేను తక్కువన్నాను. నా చెల్లెలు దానివల్లే పోయింది. నన్ను ఎన్నుకోకండి.”

ముందు వరుసలో ఎవరో ముసలాయన, “పాపం, చెల్లెలి దిగులుతో మతి చెడింది,” అన్నాడు. ఆ మాట నోటినుంచి నోటికి వెనక్కి పోయింది. యోస్ట్ వేదిక దగ్గరికి వచ్చాడు, కళ్ళు తుడుచుకుంటూ.

“ఊరుకోరా. నిన్ను నువ్వు ఇలా కోసుకోకు. నీ సంగతి మాకు తెలీదా?”

“ఒరే యోస్ట్, నిజంరా. నా కళ్ళతో చూశాను.”

“సరేలే, సరేలే.”

విన్సెంట్స్‌గారు గొంతు సవరించుకుని అడిగాడు. “బంట్రోతుగా రెమీగినే ఉంచుదామన్నవాళ్ళు చేతులెత్తండి.”

ఎత్తారు. అందరికన్నా ముందు లేచింది యోస్ట్ చెయ్యి. ఎత్తనివాడు ఒక్కడు కూడా లేడని రెమీగి కన్ను తనంతట తనే కొలిచేసింది. కంచె బయట త్రీనా వెనక్కి తిరిగి, వరుసలోంచి తప్పుకుని ఇంటిదారి పట్టింది.

ఉపబంట్రోతు అంగీ విప్పి పట్టుకున్నాడు. రెమీగి చేతులు దూర్చాడు. తర్వాతి అంశం వంతెన మరమ్మతు. చేతులు లేచాయి. అతను చూశాడు. “ఎక్కువ,” అన్నాడు, అందరూ నమ్మారు. అప్పటికి అతనికి యాభై రెండేళ్ళు. అరవై ఐదుకి ఇంకా పదమూడేళ్ళుంది.