సత్యవతి గారి కోపం

దోమల కాయిల్ పొగ తగిలితే చాలామందికి దగ్గు వస్తుంది. నాకు కోపం వస్తుంది. మొన్న సాయంత్రం కాకినాడలో మా వీధి చివరి కిరాణా కొట్లో ఆ పొగ ముక్కుకు తగిలింది. కొట్టతను మోకాలు గోక్కుంటూ, "దోమేనండి, ఏం చేస్తుంది" అని నవ్వాడు. అతని తప్పేమీ లేదు. అయినా చిల్లర కూడా తీసుకోకుండా సామానుతో వచ్చేశాను. దోమ ఏం చేస్తుందో నేను సత్యవతి గారి ఒంటి మీద చూశాను.

తొంభైల చివర్లో ఆవిడ రామచంద్రపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్న నాకు ముందు టైపు నేర్పి, తర్వాత తన దగ్గరే సహాయానికి పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఇన్‌స్టిట్యూట్ వెనక వాటాలోనే తమ్ముడు వెంకట్రావు గారి కుటుంబంతో కలిసి ఉండేవారు. ఆ తమ్ముణ్ణి చదివించి ఉద్యోగస్తుణ్ణి చేసింది ఆవిడే. మే నెల ఉక్కలో కూడా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకునేవారు. వెనక బెంచీ ఆడపిల్లలు దాన్ని చూసి నవ్వుకునేవారు. ఒకరోజు క్లాసు అయ్యాక నన్ను కూర్చోబెట్టి ఆ జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించారు. మోచేతి కింద కుంకుడుకాయంత నీటి బొబ్బ, దాని చుట్టూ అరచేతి వెడల్పున కందిపోయిన వాపు. ముందు రోజు సాయంత్రం దోమ కుట్టిన చోటట.

"భయపడ్డావా?" అన్నారు.

"లేదండి."

"అబద్ధం. భయపడితే పర్లేదు సుజాతా. కానీ తెలుసుకుని భయపడు."

అప్పుడు చెప్పారు. కంటి ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో బయటపడిందట, రక్త క్యాన్సర్. నెమ్మదిగా నడిచే రకం కాబట్టి ఇప్పుడే మందులు అక్కర్లేదని, పరీక్షలు చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండమని డాక్టర్లు అన్నారట. "ఆ జబ్బు నన్నింకా ఏమీ అనలేదు. ఈ దోమలే నన్ను బతకనివ్వడం లేదు" అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. ఎవరో తనకు అన్యాయం చేసినట్టు, వాళ్ళ పేరు తెలిస్తే ఇప్పుడే వెళ్ళి నిలదీసేలా ఉంది ఆ గొంతు.

ఆ బొబ్బ చితికి చీము పట్టింది. జ్వరం వచ్చింది. ఊళ్ళోనే ఉన్న ఒక డాక్టరు దగ్గరకి నేనే తోడు వెళ్ళాను. ఆయన తల ఎత్తకుండానే, "దోమ కుట్టిందని కూడా వస్తారేంటమ్మా" అన్నాడు. సత్యవతి గారు కుర్చీ ముందుకు జరుపుకుని చెయ్యి ఆయన బల్ల మీద పెట్టారు. "దోమ కుట్టినందుకు రాలేదండి. కుట్టాక ఇలా అయినందుకు వచ్చాను. మీరింకా చూడలేదు." ఆయన ఒక్క చూపు చూసి, గోకకండి అని చెప్పి, దురద తగ్గే పూత మందు రాశాడు. రక్త జబ్బు సంగతి ఆవిడ రెండోసారి చెప్పబోతే తర్వాతి పేషెంటుని పిలిచాడు.

వాపు వేళ్ళకి దిగిన రోజుల్లో ఆవిడ టైపు కొట్టలేకపోయేవారు. నిలబడి నోటితో అక్షరాలు చెప్పేవారు, నేను కొట్టి చూపించేదాన్ని. ఆ చేతులు పిల్లల కంట పడ్డాయి. ఒక తండ్రి వచ్చి, కొబ్బరితోటలున్న పెద్దమనిషే, గుమ్మం దాటకుండా నిలబడ్డాడు. "ఏమనుకోకండి మేడమ్ గారు, అంటుకునేదేమో అని. అందరూ అవే మిషన్ల మీద కొడతారు కదండి."

"అంటుకోదండి. ఇక్కడికి వచ్చాక మీ అమ్మాయికి అంటుకున్నది స్పీడు ఒక్కటే" అన్నారు ఆవిడ. ఆయన నవ్వలేదు. పిల్లని తీసుకుపోయాడు. ఆ తర్వాత ఇంకొందరు మానేశారు. వాళ్ళెవరూ కనీసం గుమ్మం దాకా కూడా రాలేదు.

ఆవిడ కిటికీలన్నిటికీ సన్నటి జాలీ కొట్టించారు. సాయంత్రం బ్యాచీలు ఎత్తేసి పొద్దుటికి మార్చారు. పొద్దుగూకకముందే తలుపులు వేసుకుని దోమతెరలోకి వెళ్ళిపోయేవారు. అయినా బొబ్బలు లేచేవి, ఒక్కోసారి చీర కింద తొడల మీద, వీపు మీద. అది చూసి వెంకట్రావు గారు నా ఎదురుగానే అన్నారు: "దోమే లేని చోట దోమకాటేంటక్కా? నువ్వే ఏదో ఊహించుకుని గోక్కుంటున్నావ్." అమ్మలా పెంచిన అక్కని అంత తేలిగ్గా అనేశారు. ఆవిడ ఆ పూట అన్నం తినలేదు.

చివరికి కాకినాడలో రక్త జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకి వెంకట్రావు గారితో కలిసి ముగ్గురం వెళ్ళాం. ఆ అమ్మాయి చిన్న వయసుదే. ప్రతి బొబ్బనీ వెలుతురులోకి తిప్పి చూసింది. చర్మం చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. మళ్ళీ వెళ్ళినప్పుడు విడమరిచి చెప్పింది. "ఈ రక్త జబ్బున్న కొందరికి చిన్న కాటుకే ఒళ్ళు ఇలా రెచ్చిపోతుందండి. కొందరికి కాటు లేకుండా కూడా వస్తాయి. ఇది మీరు చేసుకున్నది కాదు." బొబ్బలు చిదపొద్దని, తడిగుడ్డ వేసుకోమని, మరీ ఎక్కువైనప్పుడు కొద్ది రోజులు వాడడానికి మాత్రలిస్తానని, చీము కనిపించినా జ్వరం వచ్చినా ఒక్క రోజు కూడా ఆగకుండా రమ్మని చెప్పింది. వెంకట్రావు గారు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

తిరుగు బస్సులో ఆవిడ నాతో నెమ్మదిగా అన్నారు. "వాడు సారీ చెప్తాడేమో అని చూశాను. సోడా తాగుతావా అని అడిగాడు."

ఆ పై ఏడాది వెంకట్రావు గారి అమ్మాయి పెళ్లి. పగటి ముహూర్తం. ముందు రోజే ఆవిడ కనుబొమ మీద ఏదో కుట్టి ముఖం సగం ఉబ్బిపోయింది, కన్ను మూసుకుపోయింది. తమ్ముడు గది గుమ్మంలో నిలబడి, "మగపెళ్లివారు ఏమైనా అనుకుంటారక్కా. నువ్వు లోపలే రెస్ట్ తీసుకో" అన్నారు. ఆవిడ పట్టుచీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నారు. పక్కనున్నావిడ కుర్చీ జరుపుకుంది. "దగ్గరకి రండి, చూడండి" అన్నారు సత్యవతి గారు, మేళం ఆగిన క్షణంలో, అందరికీ వినపడేలా. "దూరం నుంచి చూస్తే ఏదేదో అనిపిస్తుంది. దగ్గర నుంచి చూస్తే ఇది వాపేనండి." ఎవరూ దగ్గరకి రాలేదు. ఆవిడ మాత్రం లేచి, పీటల దాకా నడిచి, అక్షింతలు వేసి, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "ఏడవకు. వాళ్ళు జాలి పడతారు. జాలి నాకెందుకూ పనికిరాదు" అన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, అవీ నేర్చుకుని నేర్పారు. చివరికి రక్త జబ్బు ముదిరి, ఊపిరితిత్తులకి చీము పట్టి పోయారు. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర వెంకట్రావు గారు నా పక్కన నిలబడి, "మా అక్క మంచిదేనండి. ఆ కోపమే లేకపోతే అందరితో బాగుండేది" అన్నారు. నలుగురు తలలూపారు.

విస్తరి ముందు నుంచి లేచాను. "ఆ కోపం లేకపోతే ఆవిడ ఆ గదిలోనే ఎప్పుడో పోయేవారండి. మీరందరూ అదే కోరుకున్నారు" అన్నాను. అంతకుముందు పెద్దవాళ్ళ ముందు నేనెన్నడూ గొంతెత్తలేదు. చెయ్యి కడుక్కోకుండానే బయటికొచ్చి బస్సెక్కాను. తొందరపడి అన్నావని మా అమ్మ చాలాసార్లు అంది, వెళ్ళి ఆయనకి ఒక మాట చెప్పి రమ్మంది. నేను వెళ్ళలేదు. ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇకమీదటా తీసుకోను.