రాహేలు వెనక్కి తీసుకున్న ఒట్టు

నకరికల్లు అవతల ఆ చిన్న ఊళ్లో మొగుడు తాగొస్తే, "ఉండు, రాహేలుకు చెప్తా" అని ఆడవాళ్లు బెదిరించేవాళ్లు. రాహేలు పోలీసూ కాదు, పంతులమ్మా కాదు. పద్దెనిమిదేళ్లుగా ఆశా వర్కరు. గర్భిణుల పేర్లు రాసుకోవడం, పసిపిల్లలకు టీకాలు వేయించడం ఆమె ఉద్యోగం. తాగేవాళ్ల చేత తాగుడు మాన్పించడం మాత్రం తనంతట తాను నెత్తికెత్తుకున్న పని.

దానికి ఆమె పద్ధతి ఆమెకుంది. ఆదివారం ప్రార్థన ముగిశాక, తెల్లచీర మార్చకుండానే ఆ ఇంటికి వెళ్లేది. ఇంట్లో పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి, తండ్రి కుడిచెయ్యి లాక్కొచ్చి ఆ పిల్ల నడినెత్తిన పెట్టించేది. "ఈ గడియ నుంచి చుక్క ముట్టనని చెప్పు!" అంతే వైద్యం. ఒట్టు పెట్టుకోకూడదని పాస్టరుగారు వాక్యం చదివి మరీ చెప్పినప్పుడల్లా, అది తాగనివాళ్లకు చెప్పిన మాట అని సర్దుకునేది. అలా ఇరవై ముగ్గురి చేత ఒట్టు వేయించింది. పద్నాలుగు మంది నిలబడ్డారు. కొందరు ఆమె కనపడితే సందులోకి తప్పుకునేవాళ్లు.

ఒక్క ధనుంజయరావు మాత్రం ఒట్టేసిన మూడోరోజే పోయాడు. లారీ డ్రైవరు. గోడ మీద ఏవో పాకుతున్నాయని కేకలేసి, కొట్టుకుని కొట్టుకుని ప్రాణం విడిచాడు. దొంగచాటుగా తాగి ఉంటాడు, ఒట్టు తగిలిందని ఊరంతా అనుకుంది. రాహేలూ అదే అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, అతని భార్య ప్రభావతి వింటుండగానే పంపు దగ్గర అంది. ఇది జరిగి పదకొండేళ్లు.

మొన్నటి ఆదివారం వంతు శివనాగరాజుది. కంకర క్వారీలో రాళ్లు పగలగొడతాడు. ఏడేళ్లుగా పొద్దున ముఖం కడక్కముందే సీసా మూత తీసే మనిషి.

"కొంచెం కొంచెంగా మానతాలే పిన్నీ," అన్నాడు.

"కొంచెం కొంచెంగా ఏందిరా? పెళ్లి కూడా కొంచెం కొంచెంగా చేసుకున్నావా?"

వాకిట్లో అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే, కళ్లు తుడుచుకుని, రెండో తరగతి చదివే కూతురు లాస్య నెత్తిన చెయ్యి పెట్టాడు. మధ్యాహ్నం పన్నెండు దాటింది అప్పటికి.

మర్నాటి నుంచి మూడు రోజులు నరసరావుపేటలో శిక్షణ. మత్తు అలవాట్ల గురించి, ఊళ్లల్లో పనిచేసేవాళ్లకు పాఠాలట. "తాగేవాళ్ల సంగతి నాకొకరు చెప్పాలా? పదో తరగతి తప్పి ముప్పయ్యేళ్లు దాటింది, ఇప్పుడు మళ్లీ బెంచీనా?" అని సణుక్కుంటూనే బస్సెక్కింది. మూడు రోజులూ పూటపూటకీ సంతకం ఉంటేనే సర్టిఫికెట్టు ఇస్తారట. పాఠం చెప్పే ఖైరున్నీసాను చూసి ఇంకా నీరుగారిపోయింది. పట్టుమని ముప్పయ్యేళ్లు లేవు. తాగినవాణ్ణి ఈ పిల్ల దగ్గరగా చూసైనా ఉంటుందా?

మంగళవారం పదకొండు గంటలకు ఖైరున్నీసా తెర మీద మెదడు బొమ్మ వేసింది. సంతలో క్యాబేజీ పక్కన పెట్టే కాలీఫ్లవర్ పువ్వులా ఉందది. రాహేలు కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది. ఎన్నో పురుళ్లు చూసింది గానీ, మనిషి తలలో ఏముందో ఎన్నడూ చూడలేదు.

"మీ ఊళ్లల్లో బండలాగుడు పందేలు చూసుంటారుగా అమ్మా?" అనడిగింది ఖైరున్నీసా. "ఎడ్లు బలమంతా పెట్టి లాగుతున్నాయి. సరిగ్గా అప్పుడే మోకు తెగింది. ఏమవుతుంది?"

"బోర్లా పడతయ్యి," అంది రాహేలు. "మా ఊళ్లో ఓ ఎద్దుకు కాలిరిగింది కూడాను."

"మెదడూ అంతే. మందు ఆ బండ. రోజూ మెదణ్ణి పడుకోబెట్టాలని చూస్తుంది. పడుకోకూడదని మెదడు ఎదురు లాగుతుంది. ఏళ్ల తరబడి అలా లాగేదానికి మందును ఒక్కసారిగా తెంపేస్తే బోర్లా పడుతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండోరోజో మూడోరోజో గోడల మీద పురుగులు కనిపిస్తాయి. ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోనూవచ్చు. అందరికీ కాదు, పొద్దున లేస్తూనే తాగాల్సి వచ్చేవాళ్లకు భయం ఎక్కువ. వాళ్లను మానమనాలి, కానీ డాక్టరు కళ్లముందు మానమనాలి."

రాహేలు ఆ పువ్వుకేసి నోరు తెరుచుకుని చూసింది. రోడ్డు పక్కన ఒళ్లెరగక పడున్నవాణ్ణి చూసి ఎన్నిసార్లు చీదరించుకుంది! వాడి లోపల కూడా, వాణ్ణి బతికించుకోవడానికి, ఏదో ఇంత బలంగా లాగుతూనే ఉందా? అలుపు లేకుండా, ఏళ్లకేళ్లు?

మరుక్షణం గోడల మీద పురుగులన్న మాట గుండెలో దిగింది. ధనుంజయరావు. ఆ వెంటనే, ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. రేపటికి మూడోరోజు. ఫోను పట్టుకుని బయటికి పరుగెత్తింది.

"నాగరాజు ఎట్టున్నాడే సరితా?"

"నిన్నటి నుంచి ఒకటే వణుకు అత్తా," అంది శివనాగరాజు భార్య. "గోడ నిండా చీమలంటన్నాడు. ఏదో పట్టింది, తాయెత్తు కట్టిద్దామంటన్నాడు మా మామ."

"తాయెత్తూ వద్దు, గీయెత్తూ వద్దు. నూట ఎనిమిదికి ఫోన్ కొట్టు. పేటకు తీసుకురండి. నేను ఆసుపత్రి గుమ్మంలోనే ఉంటా."

ఖైరున్నీసాకు రెండు ముక్కల్లో చెప్పి బయల్దేరింది. మధ్యాహ్నం సంతకం సంగతి గుర్తుకే రాలేదు.

ఆంబులెన్సు వచ్చేసరికి శివనాగరాజు చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మంచం మీద పడుకోబెట్టారు గానీ, చెయ్యి చంకలో దాచుకున్నాడు. నర్సు ఎంత బతిమాలినా సూది వేయనివ్వడు.

"మత్తు సూదంట పిన్నీ!" అన్నాడు రాహేలును చూసి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఏ మత్తయినా మత్తేగా. బిడ్డ నెత్తిన చెయ్యేశా. నేను పోతే పోతా. దానికేం కాకూడదు."

"త్వరగా ఒప్పించండమ్మా, ఫిట్స్ వస్తే కష్టం," అన్నాడు డాక్టరు.

ఏడేళ్లు ఈ మనిషిని మాట మీద నిలబడనివాడని తిట్టింది రాహేలు. ఒళ్లంతా ఊగిపోతున్నా ఆ మాటనే కరిచిపట్టుకుని ఉన్నాడు.

తల్లి వెంట ఆంబులెన్సులో వచ్చిన లాస్యను ఎత్తి మంచం మీద కూర్చోబెట్టింది. వణికే ఆ చేతిని చంకలోంచి లాగి పిల్ల నెత్తిన పెట్టింది. దాని మీద తన చెయ్యి వేసింది.

"ఒరేయ్ నాగరాజూ, ఇను. ఈ ఒట్టు ఏయించింది నేను. తెలియక ఏయించా. నాదే తప్పు." వార్డులో అందరూ తిరిగి చూశారు. "ఇప్పుడు నేనే తీసేసుకుంటన్నా. ఏదన్నా తగిలితే నాకు తగలాల."

పిల్ల తల మీంచి అతని చేతిని ఎత్తి తన తల మీదికి తెచ్చుకుంది.

"నాన్నా, నాకేం కాలా. చూడు," అంది లాస్య తల ఊపి చూపిస్తూ.

శివనాగరాజు చెయ్యి వదులైంది. నర్సు ఆలస్యం చేయలేదు. కాసేపటికి వణుకు సన్నగిల్లి, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆ తలకేసి రాహేలు చాలాసేపు చూస్తూ కూర్చుంది. లోపల ఎడ్లు నిదానంగా మోకాళ్లు మడిచి పడుకుంటున్నట్టు అనిపించింది.

బుధవారం క్లాసులో ఖైరున్నీసా మొహమాటపడింది. "మంచి పనికే వెళ్లారు గానీ, నిన్నటి పూట పోయిందమ్మా. సర్టిఫికెట్టు ఇవ్వలేను. వచ్చే బ్యాచికి మళ్లీ రావాలి."

"మళ్లీ మొత్తం చెప్తావా తల్లీ? ఆ తలకాయ బొమ్మ కూడా?"

"మొత్తం చెప్తాను."

"అయితే చానా మంచిది," అంది రాహేలు.

శనివారం శివనాగరాజును ఇంటికి పంపారు, మాత్రలిచ్చి, వారం వారం రమ్మని. తీసుకురావడానికి వెళ్లి వాళ్లతోపాటు ఆటోలో వచ్చిన రాహేలు వాళ్ల ఇంటిదాకా పోలేదు. ప్రభావతి ఇంటి ముందు దిగిపోయింది.

ప్రభావతి పట్టా మీద మిరపకాయల తొడిమలు తీస్తోంది. "ఏమే రాహేలూ, దారి తప్పావా?" అంది తలెత్తకుండా.

రాహేలు ఎదురుగా చతికిలబడింది. "మీ ఆయన తాగలేదే ప్రభావతీ. ఆ మూడు రోజులూ చుక్క ముట్టలా. ఒట్టు తప్పి పోలా. నిలబెట్టుకున్నాడు, అందుకే పోయాడు. నేనే ఏయించా. నాకు తెలీదే." ఎడ్ల సంగతి, మోకు సంగతి, శివనాగరాజు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ప్రభావతి చేతులు ఆగిపోయాయి.

"నాకు తెలుసు," అంది చివరికి. "ఆఖర్న నోటి దగ్గర వాసన చూశా. రాలేదు. ఎవరికి చెప్పను? తాగాడన్నది నువ్వే అయితివి."

ప్రభావతి చేతులు చీర చెంగుకు తుడుచుకుని ఫోను తీసింది. అద్దం మీద ఎర్రటి వేలిముద్ర పడింది.

"నాకెందుకు చెప్తావు? నా కూతురికి చెప్పు. తన నెత్తిన చెయ్యేసి తప్పాడు నాన్న అనుకుంటంది ఇన్నేళ్లుగా. ఆ ఎడ్ల ముక్కతో సహా చెప్పు."

అవతల ఫోను మోగుతోంది. రాహేలు రెండు చేతులా అందుకుంది.